పాతికేళ్ళ దాకా బుర్ర ఎదగదట కదా, అప్పటిదాకా వాణ్ణి వదిలేయాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఇసుకతోట. మావారు షిఫ్టు డ్యూటీలు చేస్తారు. బాబుకి 16 ఏళ్ళు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. పాపకి 9. మా మరిదికి 23, ఉద్యోగ ప్రయత్నాల్లో ఉండి మాతోనే ఉంటున్నాడు. టెన్త్ దాకా బాబు మీద ఒక్క కంప్లయింటు లేదు. ఇప్పుడు మాటకి మాట. రాత్రి ఒంటిగంటకి గానీ పడుకోడు, పొద్దున్న 5 గంటలకి స్టడీ అవర్‌కి లేపాలంటే రోజూ యుద్ధమే. పోయిన నెల ఒక ఆదివారం, రికార్డు రాసుకోవాలని చెప్పి మరిది స్కూటర్ వేసుకెళ్ళాడు. ముగ్గురు ఎక్కి బీచ్ రోడ్డులో భీమిలి వైపు పోయి, జోడుగుళ్ళపాలెం మలుపులో జారి పడ్డారు. దేవుడి దయ, మోచేతులు చెక్కుకుపోవడంతో సరిపోయింది. మావారు రెండు తగిలించారు. ఎందుకు వెళ్ళావురా అంటే "నాకే తెలీదు" అన్నాడు. ఈ పిల్లాడే ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ రాత్రి అదే స్నేహితులతో హనుమంతవాక దగ్గర తెల్లారేదాకా భక్తులకి నీళ్ళు పోశాడు. నాకేమీ అర్థం కావడం లేదు. మా అత్తగారు వయసు పొగరు, అదే పోతుందంటారు. పాతికేళ్ళ దాకా బుర్ర పూర్తిగా ఎదగదని ఒక వీడియోలో విన్నాను. అయితే అప్పటిదాకా వదిలేయాలా? ఒకసారి బ్రెయిన్ స్కాన్ తీయించమంటారా? — ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ రెండు ప్రశ్నలకీ సూటిగా చెప్పేస్తాను. స్కాన్ అక్కర్లేదు. వదిలేయడం అసలే వద్దు. కానీ మీ ఉత్తరంలో నేను రెండు మూడుసార్లు చదువుకున్న మాట ఇంకొకటి ఉంది. "నాకే తెలీదు" అన్నాడే, అది. తప్పించుకోవడానికి అన్న మాటని మీరు అనుకుని ఉంటారు. మీ వారి చెయ్యి లేచింది కూడా బహుశా ఆ మాటకే. నేను పిల్లల నరాల డాక్టర్ని. ఈ వయసు పిల్లల నోట ఆ మాట ఎన్నోసార్లు విన్నాను. చాలాసార్లు అది నిజమే.

ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని ఒకసారి మా ఈఈజీ గదిలోకి తీసుకెళ్ళాలి. మెదడులో పుట్టే సన్నటి కరెంటుని తల పైనుంచే పట్టి గీతలుగా చూపించే పరీక్ష అది. "తలకి నూనె రాయకుండా, తలంటి తీసుకురండి" అని చీటీ మీద రాసిస్తాం. అయినా చాలామంది తల్లులు పిల్లకి కొబ్బరినూనె పెట్టి, రెండు జడలు బిగించి తీసుకొస్తారు. ఆస్పత్రికి వెళ్తున్నాం కదా, పిల్ల నీటుగా ఉండాలని వాళ్ళ ఆరాటం. టెక్నీషియన్ ఆ జడలు విప్పి, పాయలు తీసి, తుడిచి, ఇరవై దాకా వైర్లు పేస్టుతో అంటిస్తుంది. తర్వాత "కళ్ళు మూసుకో నాన్నా" అంటుంది. అంతవరకూ చిందరవందరగా ఉన్న గీతలు, తల వెనక వైపువి, ఒక్కసారిగా ఒద్దికగా వరస కడతాయి. కళ్ళు తెరవగానే చెదిరిపోతాయి. ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఆ క్షణం నాకు పాతబడలేదు.

ఆ అలల వేగం చూసి పిల్లల వయసు ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. మూడు నాలుగు నెలల బిడ్డకి సెకనుకి 3, 4 అలలు. ఏడాది నిండేసరికి 5, 6. మూడేళ్ళకి దాదాపు 8. పదేళ్ళ దగ్గరికి వచ్చేసరికి 9, 10. పెద్దవాళ్ళకి కూడా ఇంచుమించు అంతే. అంటే మీ పాప ఈఈజీ తీస్తే ఈ ఒక్క లెక్కలో ఆమె మెదడు మీ మెదడుకి దగ్గరగా వచ్చేసింది. మెదడు సైజు సంగతైతే ఆరేళ్ళకే పెద్దవాళ్ళ దానిలో తొంభై శాతం దాటిపోతుంది. మరి ఇంకా ఎదగాల్సింది ఏముంది అనిపిస్తుంది కదా?

ఇక్కడే మీ బాబు వయసు గీతలు వేరే కథ చెబుతాయి. ఎనిమిదేళ్ళ నుంచి ఇరవై దగ్గర దాకా, ఆ ఒద్దికైన అలల మధ్య మధ్యన పెద్ద పెద్ద నెమ్మది అలలు వచ్చి కలుస్తుంటాయి. మా పుస్తకాల్లో వాటి పేరుకి అర్థమే "యవ్వనపు నెమ్మది అలలు". కొత్తగా చేరిన జూనియర్ డాక్టర్లు వాటిని చూసి జబ్బేమోనని కంగారు పడుతుంటారు. జబ్బు కాదు, ఆ వయసు గుర్తు. ఇరవైల్లోకి అడుగుపెట్టాక వాటంతట అవే మాయమవుతాయి. గాఢ నిద్రలో వచ్చే పెద్ద అలలు కూడా పదకొండు, పన్నెండేళ్ళ నుంచి పదహారు, పదిహేడు లోపల సగానికి పైగా పడిపోతాయి. మనిషి జీవితంలో మెదడు గీతలు ఇంత తొందరగా మారే కాలాలు తక్కువ. ఇది గమనించిన అర్విన్ ఫైన్‌బర్గ్ అనే నిద్ర పరిశోధకుడు 1982లోనే ఒక మాట అన్నాడు: ఈ వయసులో మెదడు కొత్తవి కట్టుకోవడం కంటే, ఉన్న కనెక్షన్లని ఏరి తీసేసే పని పెద్ద ఎత్తున చేస్తూ ఉండాలి అని.

తర్వాత వచ్చిన స్కాన్లు ఆ మాటని చాలావరకు బలపరిచాయి. అంతకుముందే, 1979లో, పీటర్ హట్టెన్‌లోకర్ అనే డాక్టరు చనిపోయినవాళ్ళ మెదళ్ళలో నుదుటి వెనక భాగాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి నరకణాల మధ్య కలయికలు లెక్కపెట్టాడు. ఏడాది, రెండేళ్ళ పిల్లల్లో అవి పెద్దవాళ్ళ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆ తర్వాత పదహారేళ్ళ దాకా తగ్గుతూ వచ్చాయి. 1999లో అమెరికాలో జే గీడ్ బృందం, అవే పిల్లలకి రెండేళ్ళకోసారి ఎమ్మారై తీస్తూ వెళ్ళి, ముందు భాగంలో నరకణాలు, వాటి కలయికలు ఉండే బూడిదరంగు పదార్థం ఆడపిల్లల్లో 11, మగపిల్లల్లో 12 ఏళ్ళ దగ్గర గరిష్ఠానికి చేరి, అక్కడి నుంచి పలచబడుతుందని చూపించింది. వాడిన దారులు నిలుస్తాయి, వాడనివి పోతాయి. నిలిచిన దారుల చుట్టూ కొవ్వు తొడుగు పడుతుంది. ఆ తొడుగు ఉన్న నరంలో కబురు ఎన్నో రెట్లు వేగంగా పరుగెడుతుంది.

ఈ పని తల అంతటా ఒకేసారి జరగదు. మీరు గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి ఇదే. చూపు, స్పర్శ, కదలిక చూసుకునే భాగాలు ముందు కుదురుకుంటాయి. నుదుటి వెనకది, అంటే "ఆగు, ఇది చేస్తే రేపేమవుతుంది?" అని అడిగే భాగం, అన్నిటికంటే చివర. కానీ మెదడు లోతుల్లో హుషారు, కిక్కు, మెచ్చుకోలు దొరికినప్పుడు వెలిగే చోటు ఒకటుంది. అది యుక్తవయసు హార్మోన్లతో పాటే ఒక్కసారిగా చురుకెక్కుతుంది. ఆ రెండిటి మధ్య కొన్నేళ్ళ ఎడం ఉంటుంది. మీ బాబు ఇప్పుడు ఆ ఎడంలో ఉన్నాడు.

అలాగని వాడికి తెలివి లేదనుకోకండి. పదహారేళ్ళ పిల్లాణ్ణి ప్రశాంతంగా కూర్చోబెట్టి "ముగ్గురు బండెక్కితే ప్రమాదమా కాదా" అని అడిగితే మీలాగా, నాలాగా చెబుతాడు. ఆలోచించి జవాబు చెప్పే శక్తి ఆ వయసుకి దాదాపు పెద్దవాళ్ళ స్థాయికి వచ్చేస్తుంది. తేడా వచ్చేది స్నేహితులు పక్కన ఉన్నప్పుడు. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ చేసిన పరీక్ష గురించి నేను తల్లిదండ్రులకి తప్పకుండా చెబుతాను. మొత్తం 306 మందిని 13-16, 18-22, 24 పైబడినవాళ్ళు అని మూడు గుంపులు చేసి, కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. కొందరిని ఒంటరిగా, కొందరిని ఇద్దరు సావాసగాళ్ళ ముందు. ఒంటరిగా ఉన్నప్పుడు మూడు గుంపుల మధ్య పెద్ద తేడా లేదు. స్నేహితులు చూస్తుంటే 13-16 వాళ్ళు రెట్టింపు సాహసాలు చేశారు. 24 దాటినవాళ్ళలో ఏ మార్పూ లేదు. 2011లో ఇలాంటి ఆటనే స్కానర్లో పడుకోబెట్టి ఆడించారు. "నీ స్నేహితులు పక్క గదిలోంచి చూస్తున్నారు" అని చెబితే చాలు, టీనేజి పిల్లల్లో ఆ లోతుల్లోని చోటు వెలిగింది. స్నేహితులు బండి మీద కాదు, పక్క గదిలో ఉన్నారు. అయినా సరే.

అందుకే "నాకే తెలీదు" అన్న మాటని నేను నమ్ముతాను. రికార్డు రాసుకుంటానని అబద్ధం చెప్పాడు, అది వేరే సంగతి, అడగాల్సిందే. కానీ జోడుగుళ్ళపాలెం మలుపులో బండి వేగం ఎందుకు తగ్గించలేదో వాడికి నిజంగా తెలీదు. హనుమంతవాక దగ్గర తెల్లారేదాకా నీళ్ళు పోయించింది కూడా ఆ హుషారే. అదే స్నేహితులు, అదే మెదడు. గిరి ప్రదక్షిణ చేసేవాళ్ళు ఆ జోడుగుళ్ళపాలెం రోడ్డు మీదుగానే నడుస్తారు కదా. ఈ రెండు సంగతులనీ పక్కపక్కన పెట్టి రాశారు చూడండి, మీకు అర్థం కాలేదని అన్నారు గానీ, మీ బాబు సంగతి మీరు డాక్టరు కంటే బాగా పట్టుకున్నారు. స్నేహితుల్ని దూరం చేస్తే ఆ నీళ్ళు పోసే రాత్రి కూడా పోతుంది. ఆ పని చేయకండి.

ఇప్పుడు పాతికేళ్ళ సంగతి. 25 అనేది మీటా కాదు, గేటూ కాదు. పుట్టినరోజు నాడు తెరుచుకునేది ఏదీ లేదు. ముందు భాగం ఇరవైల నడిమి దాకా కుదురుకుంటూనే ఉంటుందని స్కాన్లు చూపించాయి, జనం నోట అది ఒక గీతలా మారిపోయింది. 2025లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పసిపిల్లల నుంచి 90 ఏళ్ళ వాళ్ళ దాకా సుమారు 4,000 మంది స్కాన్లు పరిశీలించి, మెదడు వైరింగులో మొదటి మలుపు సగటున 9 ఏళ్ళ దగ్గర, రెండోది 32 దగ్గర కనబడుతోందన్నారు. అలాగని 31 ఏళ్ళ మనిషిని పసివాడిలా చూస్తామా? ఇవన్నీ సగటులు. ఏ ఒక్క పిల్లాడి స్కాన్ చూసీ "వీడికి ఇంత బుద్ధి వచ్చింది, ఇంత రావాలి" అని చెప్పగలిగే డాక్టరు లేడు. మీ బాబుకి స్కాన్ వద్దన్నది అందుకే. డబ్బు దండగ, పైగా "నా తలలో ఏదో లోపం ఉందట" అన్న మాట వాడి మనసులో పడిపోతుంది. అది మాత్రం తీయడం కష్టం.

పైగా, ఏరివేత జరిగే కాలంలో వాడిన దారులే నిలుస్తాయన్నాను కదా. ఈ ఏళ్ళలో మీ బాబు దేన్ని పదే పదే చేస్తాడో అదే గట్టిపడుతుంది. అలాంటప్పుడు వదిలేస్తే ఎలా?

బండి తాళం దగ్గర మొదలుపెట్టండి. 18 నిండనిదే మామూలు స్కూటర్‌కి లైసెన్సే లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రికి గానీ బండి యజమానికి గానీ మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లాడికి 25 నిండేదాకా లైసెన్సు రాదు. మీ పాతికేళ్ళ అంకె ఇక్కడ మాత్రం నిజంగానే గేటు. ఈ సంగతి బాబుతో పాటు మరిదికి కూడా చెప్పండి. తాళం ఆయన జేబులో ఉండాలి, గోడకున్న మేకుకి కాదు. ఇది వాడి మీద నమ్మకం లేక పెట్టిన రూలు కాదని కూడా చెప్పండి. స్నేహితులు "రారా" అన్న ఆ అర నిమిషంలో ఎదురుగా తాళం కనబడకపోతే, వాడి నుదుటి వెనక భాగానికి కాస్త టైము దొరుకుతుంది.

మీ వారికి ఒక మాట. ఆ రోజు ఆయన భయపడ్డారు, భయంతో కొట్టారు. నాకు తెలుసు. కానీ కోపం, అవమానం నెత్తికెక్కిన ఆ క్షణంలో పదహారేళ్ళ మెదడుకి ఏ పాఠమూ ఎక్కదు. దెబ్బ గుర్తుంటుంది, ఎందుకు పడిందో గుర్తుండదు. మాట్లాడాల్సింది మర్నాడో, ఆ మర్నాడో. నైట్ డ్యూటీ దిగి నిద్రలేక కళ్ళు మండుతున్నప్పుడు అస్సలు వద్దు. సెలవు రోజు సాయంత్రం ఇద్దరూ అలా బీచ్‌కి నడిచి వెళ్ళమనండి. ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది. పక్కపక్కన, మురీ మిక్చర్ పొట్లాం చేతిలో పట్టుకుని నడుస్తుంటే మగపిల్లలు ఎక్కువ మాట్లాడతారు. "ఎందుకు చేశావు" అని కాకుండా "ఇంకోసారి వాళ్ళు రమ్మంటే ఏమని చెప్పి తప్పించుకుంటావు" అని అడగమనండి. జవాబు వాడి చేతే తయారు చేయించాలి. "మా బాబాయ్ బండి మీటరు రీడింగు మా నాన్నకి రోజూ ఫొటో పెట్టాలిరా" అన్నంత చిన్న సాకైనా ఫర్వాలేదు. వేడిలో ఆలోచించలేని మెదడుకి ముందే ఆలోచించి పెట్టుకున్న మాట పనికొస్తుంది. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి: ఎక్కడ ఇరుక్కున్నా, రాత్రి ఎన్ని గంటలైనా ఫోన్ చేస్తే, ఆ రాత్రికి ఒక్క మాటా అనకుండా వచ్చి తీసుకొస్తాం అని. ఆ మాట ఒక్కసారి తప్పినా రెండో ఫోన్ రాదు.

నిద్ర విషయంలో నేను బాబు పక్షం. యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను గంట, రెండు గంటలు ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. తొమ్మిదింటికి పడుకోమంటే వాడి వల్ల కాదు. కానీ ఆ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఒంటిగంట నుంచి అయిదింటి దాకా అంటే నాలుగే గంటలు. అలాంటి పిల్లాడిలో చిరాకు, మాటకి మాట, మతిమరుపు రాకపోతేనే ఆశ్చర్యం. అందులో కొంత వయసు కాదు, ఒట్టి నిద్రలేమి. పదిన్నరకి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో చార్జింగ్‌కి పెట్టండి, మీది, మీ వారిది, మరిదిది కూడా. ఫోన్ వెలుగు ఆ హార్మోనుని ఇంకా వెనక్కి నెడుతుంది. కాలేజీలో లెక్చరర్‌తో మాట్లాడి, తెల్లవారుజాము స్టడీ అవర్ బదులు సాయంత్రం కూర్చోబెట్టడం కుదురుతుందేమో అడగండి. ఈ అడగడం చాలామంది తల్లులు మొహమాటానికి మానేస్తారు. మీరు మానకండి. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకోనివ్వకుండా, రోజూ లేచే టైము కంటే ఒకటి రెండు గంటలు ఎక్కువ ఇస్తే చాలు. లేకపోతే సోమవారం మళ్ళీ మొదటికొస్తుంది.

నిద్ర తగ్గిన ఈ వయసు పిల్లల్లో నేను ప్రత్యేకంగా అడిగే సంగతి ఒకటుంది. పొద్దున్న లేచిన గంటలోపు చేతులు ఉలిక్కిపడినట్టు కుదుపుతున్నాయా? చేతిలో బ్రష్షో టీ కప్పో ఎగిరి పడుతోందా? టీనేజిలో మొదలయ్యే ఒక రకం ఫిట్స్ జబ్బు ఇలాగే తొంగిచూస్తుంది, నిద్ర చాలకపోతే ఎక్కువవుతుంది. ఇంట్లోవాళ్ళు వాడి చేతికి పట్టు లేదని తిడుతుంటారు. అలాంటిది ఉంటే మాత్రం వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి రండి. అప్పుడు ఈఈజీ అవసరం. మంచి మందులున్నాయి.

అలాగే రెండు వారాలకి మించి దిగులుగా ఉండి, తిండి మానేసి, ఆ స్నేహితుల దగ్గరికే వెళ్ళడం మానేస్తే, గంజాయి అనుమానం వస్తే, చావు మాట నోట వస్తే అది వయసు కాదు. అత్తగారు చెప్పినట్టు అదే పోతుందని కూర్చోకండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. రాత్రి పూటైనా టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. మీ ఉత్తరంలో అలాంటి ఆనవాలు నాకు ఒక్కటీ కనబడలేదు.

మీ మరిది గురించి మీరేమీ అడగలేదు గానీ, నేనైతే ఆయన సాయం తీసుకుంటాను. ఆ కారు ఆటలో 18-22 వాళ్ళు కూడా స్నేహితుల ముందు కొంచెం రెచ్చిపోయారు. ఆయన ఆ ఒడ్డు ఇప్పుడిప్పుడే దాటాడు, ఇంకా మర్చిపోలేదు. తండ్రి చెబితే ఉపన్యాసం, బాబాయి చెబితే కబురు. తను పదహారులో చేసిన ఒక పిచ్చి పని బాబుకి చెప్పమనండి, నీతి జోడించకుండా.

ఇక పాప. అన్నయ్యని చూసి చెల్లెలు కూడా ఇలాగే తయారవుతుందని ఇప్పటినుంచే భయపడకండి, "నువ్వైనా బుద్ధిగా ఉండు" అని ఆ పిల్ల ముందు వాణ్ణి తీసిపారేయకండి. ఆమెకీ మరో రెండు మూడేళ్ళలో ఈ మార్పులు మొదలవుతాయి. అప్పుడు ఈ ఇంట్లో తప్పు చేసినవాళ్ళతో ఎలా మాట్లాడతారో ఆమె ఇప్పుడే చూస్తోంది. రాత్రి అన్నం దగ్గర బాబు మాటకి మాట అంటే, ఆ పూటకి ఊరుకుని, "రేపు మాట్లాడుకుందాం, ముందు తిను" అనండి. మర్నాడు మర్చిపోకుండా మాట్లాడండి.